తలుపుది కాదు తప్పు
(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట నేను చెప్పబోయేది పచ్చళ్ళ సంగతీ కాదు, పసిపిల్లల పెంపకమూ కాదు. ఒక పాత పికప్ వ్యాను క్యాబిన్ పక్కకి వాలిపోతే దాన్ని మళ్ళీ ఎలా నిలబెట్టామో చెబుతాను. "ఇదేం చోద్యమమ్మా, ఆడవాళ్ళ కార్యక్రమంలో గ్యారేజీ కబుర్లా!" అని మీలో కొందరు నవ్వుకుంటూ వుండవచ్చు. నేనూ ఒకప్పుడు అలా నవ్వినదాన్నే. బండి మగవాళ్ళదీ, బండి లెక్కల పుస్తకం మాత్రం నాదీ అనుకునేదాన్ని. ఆ లెక్కల పుస్తకమే ఒకరోజున నన్ను నిలదీసింది.

మేము నరసరావుపేటలో వుంటాం. గురజాల, కారెంపూడి, దుర్గి వైపు పల్లెల నుంచి రైతుల మిరపకాయ టిక్కీలు గుంటూరు యార్డుకి చేరవేయడం మావారి పని. అందుకోసం చాలా ఏళ్ళ క్రితం ఒక పికప్ వ్యాను, అదీ ఒకరు వాడి వదిలేసింది, కొన్నాం. అది ఏ కంపెనీదో ఇక్కడ చెప్పను. వయసు మీదపడ్డ బండికి వచ్చిన జబ్బుకి కన్నవాళ్ళని నిందించడం న్యాయం కాదు గదా.

పల్నాటిలో ఈ చిన్న లోడు బళ్ళ రాజ్యం మరీ పాతదేమీ కాదు. మా చిన్నతనంలో సరుకంటే ఎద్దుబండి, లేకపోతే లారీ. 1980లలో మన జహీరాబాదులోనే ఆల్విన్ నిస్సాన్ వారు చిన్న లారీలు తయారుచేశారు. 1986లో టాటావారి 407, 1988లో టాటా మొబైల్ అనే పికప్ వచ్చాయి. 2005లో వచ్చిన టాటా ఏస్‌ని జనం ఛోటా హాథీ అని ముద్దుగా పిలుచుకున్నారు. ఇవాళ కూరగాయలైనా, పెళ్ళి షామియానాలైనా, మాచర్ల నాపరాళ్ళయినా ఈ చిన్న బళ్ళమీదే ఊరు దాటుతున్నాయి. ఎన్నో ఇళ్ళల్లో పొయ్యి వెలగడం వీటిమీదే ఆధారపడి వుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఒకనాటి మధ్యాహ్నం మా డ్రైవరు భార్య చంకలో పిల్లవాడితో మా ఇంటికి వచ్చింది. ఎప్పుడూ నవ్వుతూ పలకరించే మనిషి, ఆ పూట గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. "ఏం అమ్మాయ్, లోపలికి రా" అన్నాను.

"అమ్మగారూ, అయ్యగారితో చెప్పద్దు. మా ఆయన బండి తలుపుని తాడుతో కట్టుకుని నడుపుతున్నాడు. మొన్న మలుపులో తలుపు దానంతటదే తెరుచుకుందంట. సగం బయటికి ఒరిగిపోయి, స్టీరింగు పట్టుకుని నిలదొక్కుకున్నాడంట. చెబితే పనిలోంచి తీసేస్తారేమోనని చెప్పలేదు" అంది.

నాకు నోట మాట రాలేదు. ఆ అమ్మాయిని పంపించాక లెక్కల పుస్తకం తీశాను. ఏడాదిలో మూడుసార్లు నా చేతి రాతతోనే వుంది: తలుపు రిపేరు 600, తలుపు రిపేరు 850, తలుపు రిపేరు 1,250. మూడుసార్లూ రాసి, కూడి, కింద గీత గీశాను. ఒకే తలుపు ఏడాదిలో మూడుసార్లు ఎందుకు చెడుతుంది అని మాత్రం అడగలేదు. ఇంట్లో పిల్లవాడికి మూడుసార్లు జ్వరం వస్తే ఊరుకుంటామా? రక్తపరీక్ష చేయించమూ? బండి కాబట్టి ఊరుకున్నాను.

ఆ రాత్రి మా పుట్టింటి సంగతి ఒకటి గుర్తుకొచ్చింది. గురజాల దగ్గర మా ఊరిది నల్లరేగడి నేల. ఆ నేల వానలకి ఉబ్బుతుంది, ఎండలకి బీటలు వారి కుంగుతుంది. దానితోబాటు పునాది కదులుతుంది, గోడ వాలుతుంది, ముందుగా మొరాయించేది తలుపు. మా నాన్నగారు ప్రతి ఏడూ వడ్రంగిని పిలిపించి తలుపు చిత్రిక పట్టించేవారు. నాలుగో ఏడు ఆ వడ్రంగే, "బాబుగారూ, తలుపుది కాదు తప్పు, గుమ్మం దిగింది. ఇంకా చెక్కితే తలుపే మిగలదు" అన్నాడు. మా బండికీ అంతేనేమోనని అనుమానం తగిలింది.

మర్నాడు బండి ఇంటిముందు ఆగగానే కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసుకుని బయటికి వెళ్ళాను. మావారు "జాకెట్టు కుడతావా దానికి?" అని నవ్వారు. నవ్వితే నవ్వారులెమ్మని కొలతలు మొదలుపెట్టాను. మీ ఇంట్లో బండి వుంటే మీరూ చేయవచ్చు, చదువుతో పనిలేదు. లోడు దించేసి, రెండు వైపులా టైర్లలో గాలి సమానంగా వుండగా, చదునైన నేలమీద బండిని నిలపాలి. మొదట నేల నుంచి ఛాసిస్ వరకు, అంటే బండి కింద పొడుగ్గా వుండే ఇనుప దూలం వరకు, రెండు వైపులా కొలవాలి. అక్కడ తేడా వుంటే కమాను కట్టలు కుంగాయన్నమాట. మాకు రెండు వైపులా సమానంగానే వుంది. తరవాత ఆ దూలం నుంచి క్యాబిన్ అడుగు అంచు వరకు కొలవాలి. ఎడమవైపు వెనక మూల నాలుగుంబావు అంగుళాలుంటే, కుడివైపు, అంటే డ్రైవరు సీటు వెనక మూల, మూడే అంగుళాలు వచ్చింది. అంగుళంబావు తేడా!

ఇంకొక పరీక్ష కూడా వుంది. తలుపు తెరిచి దాని చివర పట్టుకుని పైకెత్తి చూడాలి. లటలట ఊగితే మడతబందులు అరిగాయని అర్థం. అప్పుడు తలుపు చివర కిందికి వాలి, అడుగున రాసుకుంటుంది. మాది అలా కాదు. తలుపు ఊగలేదు. మూసి చూస్తే పైన వెనక మూల సందు పూర్తిగా మూసుకుపోయింది, కింద మూల వేలు దూరేంత విచ్చుకుంది. అంటే తలుపు వున్నచోటే వుంది, వెనక స్తంభం దిగిపోయింది. దానితో తలుపు గొళ్ళెం కొండీలో సగమే పడుతున్నది. మూడుసార్లూ వాళ్ళు చేసిందల్లా ఆ కొండీని కాస్త పైకి జరపడమే. కొన్నాళ్ళకి స్తంభం ఇంకా దిగేది, గొళ్ళెం మళ్ళీ తప్పేది.

ఈ టేపు కొలతలు కాగితంమీద రాసి మావారి ముందు పెట్టాను. తాడు సంగతి కూడా చెప్పేశాను, డ్రైవరుని ఏమీ అనకూడదని ముందుగా మాట తీసుకుని. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "సీజను మధ్యలో బండి ఆపితే ఎట్లా? వచ్చే నెల ఎట్లాగూ ఫిట్‌నెస్‌కి వెళ్ళాలి, అప్పుడు రంగుతో సహా చూద్దాం" అన్నారు. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండికి ఏటేటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు తీసుకోవాలి గదా, ఆ సంగతి. "రంగు అధికారి కంటికండీ. తలుపు ఆ పిల్లవాడి తండ్రికి" అన్నాను. నేను ఆయనతో అంత గట్టిగా మాట్లాడింది తక్కువ. మర్నాడే బండిని షెడ్డుకి తీసుకువెళ్ళారు.

మొదటి షెడ్డులో "పాత టైరు ముక్క కోసి దూర్చేస్తాం, గంట పని" అన్నారట. రెండోచోట "క్యాబిన్‌ని ఛాసిస్‌కి వెల్డింగు చేసిపారేస్తాం, ఇక జన్మలో కదలదు" అన్నారట. మూడోచోట టింకరింగు చేసే ఒక ముసలి భాయి వున్నాడు. కుర్రతనంలో విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీల దగ్గర పని నేర్చుకున్న మనిషి. ఆయన బండి కిందికి దూరి, పది నిమిషాలు చూసి, బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ "లెక్క రాసే అమ్మని కూడా పిలవండి సాబ్, ఒకసారి చూపిస్తే మళ్ళీ డబ్బుకి అడ్డం చెప్పరు" అన్నాడట. అలా నేనూ వెళ్ళాను.

భాయి చెప్పింది మీకు నా మాటల్లో చెబుతాను. పికప్ బండిలో ఛాసిస్ వేరు, క్యాబిన్ వేరు. నిచ్చెనలాంటి ఛాసిస్ మీద క్యాబిన్‌ని మూలమూలకీ పొడుగు బోల్టులతో కూర్చోబెడతారు. మా బండికి అలాంటి చోట్లు నాలుగు. ఇనుము మీద ఇనుము కూర్చోకుండా మధ్యలో దళసరి రబ్బరు బుష్షులు వుంటాయి. పైన ఒకటి, కింద ఒకటి, వాటి నడుమ బోల్టు చుట్టూ ఒక ఇనుప గొట్టం. ఎందుకంటారా? బరువుతో గతుకుల దారిలో వెళ్ళేటప్పుడు ఛాసిస్ మెలిదిరుగుతుంది, మనకి కనబడదు అంతే. ఆ మెలిక క్యాబిన్‌కి అంటకుండా రబ్బరు మింగేస్తుంది. మన అమ్మలు నీళ్ళబిందె నెత్తిన పెట్టుకునేటప్పుడు కింద చుట్టకుదురు పెట్టుకునేవారు, గుర్తుందా? ఆ కుదురే ఈ బుష్షు. కుదురు లేకపోతే బిందె నిలవదు, తలా నొప్పెడుతుంది.

ఏళ్ళు గడిచేసరికి వేడికీ, కారిన ఆయిలుకీ రబ్బరు పగిలి, నలిగి, పలచబడుతుంది. అంతకంటే పెద్ద శత్రువు తుప్పు. బుష్షు కూర్చునే చోట క్యాబిన్ అడుగురేకు వుంటుంది. లోపల కాళ్ళకింద పరిచే పట్టా తడిస్తే ఆరదు, రేకుమీద తడిగుడ్డలా పడివుంటుంది. బయట మూలల్లో మట్టి పేరుకుని నీటిని పట్టి వుంచుతుంది. ఇనుము, నీరు, గాలి మూడూ ఒకచోట చేరితే తుప్పు పుట్టక మానదు. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే పొరలు పొరలుగా ఉబ్బి అతుకులని విడదీస్తుంది, ఆ సందులోకి ఇంకా నీరు చేరుతుంది. మంచు కురిసే దేశాలలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అక్కడి బళ్ళకి ఇదే పెద్ద బాధ. మన బాపట్ల, మచిలీపట్నం వైపు సముద్రపు గాలి ఆ పని చేస్తుంది. పల్నాడు పొడి నేల కదా, మనకేం భయమని అనుకుంటాం. కానీ రోజూ గొట్టంతో కడిగే నీళ్ళు చాలవా?

భాయి పట్టా ఎత్తి, సుత్తి పిడితో రేకుని తట్టాడు. మూడు మూలల్లో ఖంగుమంది. నాలుగో మూల అప్పడంలా లోపలికి పోయింది. పైనుంచి చూస్తే రంగు మెరుస్తూనే వుంది. పైన పటారం, లోన లొటారం అంటే ఏమిటో ఆ రోజు కళ్ళారా చూశాను.

"టైరు ముక్క ఎందుకు పనికిరాదు భాయీ?" అని అడిగాను. "అమ్మా, టైరులో తీగలుంటాయి, పీచు వుంటుంది, అది మెత్తగా అణగదు. లోపల గొట్టం లేకుండా బిగిస్తే బోల్టు వదులైపోతుంది. అయినా కింద రేకే లేనప్పుడు కుదురు దేనిమీద నిలుస్తుంది?" అన్నాడు. వెల్డింగు చేసి అతికిస్తేనో? ఛాసిస్ మెలిక నేరుగా క్యాబిన్‌కి తగిలి, కొన్నాళ్ళకి తలుపు స్తంభాల మొదట్లో పగుళ్ళు వస్తాయట. ఇంకో ప్రమాదం కూడా చెప్పాడు. స్టీరింగు పై భాగం క్యాబిన్‌కీ, కింద పెట్టె ఛాసిస్‌కీ బిగించి వుంటాయి. క్యాబిన్ వాలేకొద్దీ ఆ రెంటినీ కలిపే కడ్డీ అడ్డదిడ్డంగా లాగబడుతుంది. తలుపు ఒక్కటే కాదమ్మా భయం, అన్నాడు.

పని మూడు రోజులు పట్టింది. మొదటి సాయంత్రం తుప్పు పట్టిన బోల్టులకి ఆయిలు పోసి రాత్రంతా నాననిచ్చారు. నానని బోల్టుని పానా వేసి తిప్పితే తల విరిగిపోతుంది. మనం పప్పు నానేసుకోమూ, అలాగే. మర్నాడు బ్యాటరీ తీగలు విప్పారు, డీజిల్ ట్యాంకు దించి దూరంగా పెట్టారు, సీటూ పట్టా తీసేశారు. వెల్డింగు నిప్పురవ్వ డీజిల్ దగ్గర పడితే ఏమవుతుందో చెప్పక్కరలేదు. బ్రేకు పైపులు, వైర్లు, గేరు కడ్డీ, స్టీరింగు కడ్డీ లాగబడకుండా వున్నాయో లేదో ఒక్కొక్కటీ తడిమి చూశారు. అప్పుడు నాలుగు బోల్టులూ వదులు చేసి, జాకీ మీద దళసరి చెక్క వేసి, ఆ చెక్క క్యాబిన్ అడుగున గట్టి పట్టీకి ఆనేట్టు పెట్టి, కొంచెం కొంచెంగా ఎత్తారు. జాకీని నేరుగా పలచటి రేకుకి ఆనిస్తే పొడుచుకుపోతుంది. ఎత్తగానే కింద కర్రదిమ్మెలు పేర్చారు. జాకీని నమ్మి దాని కింద ఎవరూ తల పెట్టకూడదు. ఈ ఒక్క మాటా మీ ఇంటి మగపిల్లలకి తప్పక చెప్పండి.

తుప్పు తిన్న రేకుని మెరిసే ఇనుము కనబడేదాకా కోసేశారు. భాయి ఒక అట్టముక్క తీసుకుని ఆ ఖాళీకి సరిపడా కత్తిరించుకున్నాడు. జాకెట్టుకి కాగితం కత్తిరించుకున్నట్టే! నేనది అంటే ఆయన నవ్వి, "రెండూ కొలత పనులే కదమ్మా" అన్నాడు. ఆ అట్ట ప్రకారం కొత్త రేకు కోసి, బుష్షు కూర్చునేచోట దళసరి ఇనుపబిళ్ళ చేర్చి అతికారు. వెల్డింగు ఒకే గీతగా లాగలేదు. ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క, చల్లారనిచ్చి మళ్ళీ మధ్యలో. ఒకేసారి లాగితే వేడికి రేకు వంకర పోతుందట. పైన రెడ్ ఆక్సైడు, దానిమీద రంగు. బుష్షులు నాలుగూ కొత్తవే వేయించాం. "మూడు బాగానే వున్నాయిగా" అని నేను సణిగాను, లెక్కల బుద్ధి పోదు కదా. భాయి మావారి వైపు తిరిగి, "కోటప్పకొండ ప్రభ చూడలేదా సాబ్? నాలుగు వైపులా తాళ్ళు ఒకే బిగువుతో లాగితేనే అంత ఎత్తు ప్రభ నిలబడుతుంది. ఒక తాడు బిగువై, మూడు వదులైతే?" అన్నాడు. నేను మళ్ళీ నోరెత్తలేదు.

చివరికి దిమ్మెలు తీసి, క్యాబిన్‌ని బుష్షుల మీద కూర్చోబెట్టి, తలుపు సందులు సరిచూసి, అప్పుడు బోల్టులు బిగించారు. నా టేపుతో నేనే కొలిచాను. రెండు వైపులా నాలుగుంబావు. కొన్ని రోజులు నడిచి రబ్బరు అణిగాక వచ్చి మళ్ళీ ఒకసారి బిగించుకోమన్నాడు. అన్నీ కలిపి 11,600 రూపాయలైంది. మూడు రోజుల బాడుగ పోయింది. పుస్తకంలో రాసేటప్పుడు చెయ్యి బరువుగానే వుంది, కాదనను. కానీ పైన ఆ మూడు తలుపు రిపేర్లూ కనబడ్డాయి. 2,700 రూపాయలు పోసి మేము కొనుక్కున్నది ఆ తాడు.

ఇందులోంచి మనం నేర్చుకోవలసింది ఏమిటంటారా? ఒకే రిపేరు రెండోసారి వస్తే డబ్బివ్వడానికి ముందు "ఎందుకు వచ్చింది?" అని అడగండి. మీ బండి పట్టాలు వానాకాలంలో వారానికోసారి ఎత్తి ఎండలో ఆరబెట్టించండి. తలుపుల అడుగున నీళ్ళు పోయే చిన్న చిల్లులుంటాయి. డాబా మీద తూము పూడిపోతే ఇల్లు కురవదూ? అలాగే ఆ చిల్లులు మట్టితోనో, పత్తి పీచుతోనో పూడితే నీళ్ళు లోపలే నిలిచిపోతాయి. చీపురుపుల్లతో పొడిస్తే చాలు, కానీ ఖర్చు లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవద్దు.

బండి లేనివారు కూడా ఒకపని చేయండి. మీ పిల్లలు ఎక్కే స్కూలు వ్యాను రేపు ఉదయం ఇంటిముందు ఆగినప్పుడు తలుపు ఒక్కసారి మీ చేత్తో వేసి చూడండి. తలుపు చుట్టూ సందు సమానంగా వుందా? ఒకే చప్పుడుతో పడుతున్నదా, నాలుగుసార్లు బాదవలసి వస్తున్నదా? బాదవలసి వస్తే డ్రైవరుని కోప్పడకండి. అతను చెప్పలేక ఊరుకున్నాడేమో. యజమానితో మీరు మాట్లాడండి. పదిమంది తల్లులు అడిగితే కాదనేవారెవరు?

బండి ఇంటికి వచ్చిన సాయంత్రం మా డ్రైవరు తలుపు వేశాడు. టక్కుమని ఒక్కటే చప్పుడు. మళ్ళీ తెరిచాడు, మళ్ళీ వేశాడు. ఏమీ మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు సీటు కింద నుంచి నైలాను తాడు చుట్టతీసి నా చేతికిచ్చి, "ఇక దీనితో పనిలేదమ్మా" అన్నాడు. ఆ తాడు ఇప్పుడు మా పెరట్లో దండెంగా కట్టివుంది. తడిబట్టలు ఆరవేసేటప్పుడల్లా నా మూడు గీతలు గుర్తుకొస్తూ వుంటాయి.